కొసలు లేనివి

నలభై మిల్లీగ్రాములు.
ఏడాది పని. చిటికెడు ఉప్పంత కూడా లేదు.
సీసా మీద రసాయనశాల వాళ్ల చేతిరాత:
"వలయాలు. వెలుతురు తగలనీయకు, గరాసీ."
నా పేరు కింద రెండు గీతలు.

బయట దొనోస్తియా మీద సిరిమిరి.
గొడుగు తెరిస్తే సిగ్గు, తెరవకపోతే తడుపు,
ఆ రకం తుంపర.

రెండు ఉక్కు పళ్లేల మధ్య పెట్టి
నూట అరవై డిగ్రీలకు వేడిచేశాను.
గాజులా ఉన్నది తేనె అయింది.
పై పళ్లేన్ని వెంట్రుకవాసి తిప్పి
అక్కడే ఆపేశాను.
ఇక చేయాల్సిందేమీ లేదు.
అణువులు ఆ మెలిపెట్టిన నొప్పి మరిచిపోయేదాకా
ఎదురుచూడటమే కొలత.

మామూలు పాలిమర్ అయితే నాకు తెలుసు.
ప్రతి పోగుకీ రెండు కొసలు.
నడుము పక్కకి జరగదు,
చుట్టూ ఇరుగుపొరుగు పోగులే గోడలు.
కొస ఒక్కటే తడుముకుంటూ దారి వెతుకుతుంది,
ఒళ్లంతా ఆ దారినే పాకుతుంది.

ఇది బడిలో నేర్చుకున్నది కాదు.
ఒందార్రోవా రేవులో, పదిహేడేళ్లప్పటి వేసవిలో,
వలలు బాగుచేసే ఆడవాళ్ల వరసలో
చివరి స్టూలు మీద.
ఫెలీసా మా మేస్త్రి. పళ్ల మధ్య సూది,
ఒళ్లో ఆకుపచ్చ నైలాను కొండ.
"లాగకు. లాగినకొద్దీ బిగుస్తుంది.
కొస ఎక్కడుందో చూడు."
చూసేదాన్ని. ఉప్పుకి పగిలిన వేళ్లతో,
అప్పుడప్పుడు ఒక పూటంతా.

చిక్కు పడితే చిక్కబడుతుంది.
జవాబు చిక్కేలోగా మనిషి చిక్కిపోతుంది.

మరి కొసలే లేనివి?
మొదలూ తుదీ ఒకదాన్నొకటి కరిచిపట్టుకున్నవి?
పాకడానికి వాటికి తల ఏది?
ముడుచుకుంటాయి. సందు దొరికితే జారుకుంటాయి.
ఎవర్నీ గట్టిగా పట్టుకోవు,
అందుకే తొందరగా మరిచిపోతాయి.
అలా అనుకున్నాం.

తెర మీద గీత దిగింది. దిగుతూ దిగుతూ
అడుగు తాకబోయి ఆగింది.
ఒక తోక. సన్నగా, మొండిగా,
రాత్రి రెండున్నర దాకా.

"మోటారు రొద" అన్నాడు ఇన్యీగో ఫోన్లో, సగం నిద్రలో.
"ఆ చివర కత్తిరించి పంపేయ్."

కత్తిరించలేదు.

ఆదివారం, రేవు పక్క బారులో,
ఫెలీసా ముందు
పాతిక తాళంచెవి రింగులు పోశాను.
గిన్నెలో వేసి ఊపింది. గలగలా విడిపోయాయి.
"వీటిలో ఒకటి తెగిందనుకో" అన్నాను.
ఏం మాట్లాడలేదు.
జేబులోంచి మూరెడు దారం తీసి
చూడకుండానే రింగుల్లోకి దూర్చింది.
మళ్లీ ఊపింది.
ఈసారి చప్పుడు లేదు.

ఎన్నింటి గుండా దూరిందో ఆ దారానికే తెలీదు.
తెగినదానికి రెండు కొసలొచ్చాయి, సరే, పాకిపోగలదు.
అది పోయేదాకా మిగతావన్నీ ఆగాలి.
తీగ లాగితే డొంకంతా కదలాలి కదా.
ఇక్కడ తీగ వెళ్లిపోతే గాని డొంక కదలదు.

నూటికి ఒకటి. అంతకన్నా తక్కువేనేమో.
ఏ వెలుతురుకో, ఏ వేడికో,
మూత పెట్టడంలో నా ఆలస్యానికో
తెగిన ఒక్క వలయం.

ఈ సంగతిని నా బతుకుకి తగిలించబోతుంటే
ఫెలీసా రింగులన్నీ ఏరి నా దోసిట్లో పోసింది.
"ఎవరి తాళాలే ఇవి?
పాపం, ఇళ్లకెలా వెళ్తారు?"

నమూనాని మళ్లీ శుద్ధికి పంపాం.
మూడు వారాలకు తిరిగొచ్చింది పదకొండు మిల్లీగ్రాములు.
నోటుపుస్తకంలో నా రాత:
తోక పొట్టిదైంది. పోలేదు.
రొద కాదు.
కింద ఇన్యీగో పెన్సిలు టిక్కు, కాస్త వంకరగా.

సిరిమిరి ఇంకా కురుస్తూనే ఉంది.
పై పళ్లేన్ని
మళ్లీ వెంట్రుకవాసి తిప్పాను.